బులు పేరు మీద నీళ్ళు

నల్‌ఖోలాలో తెల్లవారిందంటే ఐమనా వాకిట్లో బోరింగు కీచుమనాల్సిందే. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే తంతు. కోడి కూయడం మర్చిపోయిన రోజులున్నాయేమో కానీ బోరింగు మర్చిపోయిన రోజు లేదు. కళ్ళు తెరవకుండానే ఎవరు కొడుతున్నారో చెప్పేది ఐమనా. గబగబా పొట్టిపొట్టిగా కొడితే పక్కింటి కోహినూర్. రెండు దెబ్బలు కొట్టి ఆయాసపడితే వడ్రంగి వాళ్ళ ముసలమ్మ. ఒకపక్క కొడుతూ ఇంకోపక్క అత్తగారిని తిడుతుంటే జాలరివాళ్ళ కోడలు. ఆ చప్పుడు ఆగిపోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఐమనా మాత్రం రోజూ అదే వేళకు లేచి చాప మీద కూర్చుని వింటూనే ఉంది. వినడానికి ఏముంది? పనసచెట్టు మీద కాకి ఉంది. దానికి బోరింగు కొట్టడం రాదు.

బోరింగు మూతికి ఎర్రరంగు వేసి పోయారు. అంతే, ఊరు ఊరంతా మొహం తిప్పుకుంది.

అది అందరి బోరింగుల్లాంటిది కాదు. ఐమనా కూతురు బులు పేరు మీద వేయించినది. చచ్చిపోయిన వాళ్ళ పేరున బోరింగు వేయిస్తే, ఆ నీళ్ళు ఎంతమంది తాగితే అంత పుణ్యం పోయినవాళ్ళకు చేరుతూనే ఉంటుందని ఆ నేల మీద పసిపిల్లలకు కూడా తెలుసు. గోరీ మట్టి ఎండిపోయినా ఆ దానం ఎండదు. సిమెంటు గచ్చు పచ్చిగా ఉన్నప్పుడు ఐమనా తన చూపుడువేలితో దాని మీద బులు పేరు రాసింది. ఆమెకు రాయడం వచ్చింది ఆ ఒక్క పేరే. పంపుకు గొలుసుతో ఒక అల్యూమినియం గ్లాసు కట్టి ఉంటుంది. తాగినవాళ్ళు గ్లాసు దించాక ఒక మాట అనడం అలవాటు: ‘బులు గొంతు చల్లబడాలి.’

ఆ మాట ఊరికే పుట్టలేదు. ఐమనా భర్త పడవ మునిగి పోయేనాటికి బులు ఒళ్ళో పిల్ల. ఆ పిల్లే లోకంగా ఆరేళ్ళు గడిచాయి. ఆ ఏడు వరద తీశాక చెరువు నీళ్ళు తాగిన పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. అప్పట్లో పెద్దవాళ్ళది ఒకటే మాట: నీళ్ళు తాగించారో, అవన్నీ మళ్ళీ కిందికే పోతాయి, పిల్ల దక్కదు. పెదాలు తడపాలి, అంతే. ఐమనా పెద్దల మాట జవదాటే మనిషి కాదు. తడిగుడ్డతో పెదాలు అద్దింది. బులు ఆ గుడ్డను పళ్ళతో కరిచి పట్టుకుని చప్పరించింది. ఐమనా గుడ్డ లాక్కుంది. ‘నీళ్ళమ్మా, నీళ్ళు’ అంటూనే మర్నాడు పొద్దెక్కకముందే పిల్ల పోయింది.

రెండేళ్ళు తిరిగాక ఆరోగ్యం వాళ్ళ ఆడపిల్ల ఒకతె ఇల్లిల్లూ తిరిగింది. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్ళు. విరేచనాలు పట్టుకుంటే ఇవి ఎంత తాగిస్తే అంత మంచిదని చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోమన్నట్టుంది. ఐమనా ఆ పిల్లకు పీట వేసి కూర్చోబెట్టి, చెప్పిందంతా విని, ఆమె వెళ్ళాక ఇంటి వెనక్కి పోయి చాలాసేపు వాంతి చేసుకుంది.

అప్పటికి బోరింగు వేయించి రెండేళ్ళయింది. అది వేసింది తొరాబ్ మేస్త్రి. ఆ రోజులు గుర్తున్నవాళ్ళకు తెలుసు, బోరు దించడమంటే మనిషి చెయ్యే యంత్రం. వెదుళ్ళతో మంచె కట్టి, ఇద్దరు కింద నుంచి గొట్టాన్ని ఎత్తి దించుతుంటే, మేస్త్రి మంచె మీద కూర్చుని గొట్టం మూతిని అరచేత్తో మూసి తెరుస్తుండేవాడు. ఎత్తేటప్పుడు మూయాలి, దించేటప్పుడు తెరవాలి. తెరిచిన ప్రతిసారీ లోపలి మట్టి బుసబుసా బయటికి చిమ్మేది. ముందు గోధుమరంగు బంకమట్టి వచ్చింది. తర్వాత నల్లటి బురద, అందులో ఎప్పటివో కుళ్ళిన ఆకులు, పుల్లలు. ఆ తర్వాత బూడిదరంగు ఇసుక. ఇసుక వచ్చిందంటే నీళ్ళు వచ్చినట్టే. ఇంకో పూట కొడితే దీని కింద బంకమట్టి, దాని కింద ఎర్ర ఇసుక తగులుతాయని తొరాబ్ అన్నాడు. ఐమనా ఆపేయమంది. మర్నాడే బులుకు నలభయ్యో రోజు. ఆ రోజుకు నీళ్ళు పడాలి, పిల్ల ఇంకా దాహంతో ఉంది అని ఆమె గోల. తొరాబ్ సరేనన్నాడు. నలభయ్యో రోజున ఊరంతా వచ్చి తాగారు. ఆ నీళ్ళతో పెట్టిన టీ నల్లబడేది, కుండకు తుప్పు గార కట్టేది. ఆ మాత్రం ఇనుము ఎక్కడ లేదు అనుకున్నారు.

పంతొమ్మిది రోజుల కింద వచ్చిన పిల్ల పేరు లుబ్నా. భుజాన సంచీ, చేతిలో రెండు రంగుడబ్బాలు. ఊళ్ళో ప్రతి బోరింగు నీళ్ళూ సీసాలో పట్టి, పొడి కలిపి, మూతకు ఒక కాగితం ముక్క తగిలించి చూస్తోంది. ఐమనా నీళ్ళకు ఆ కాగితం ముదురు గోధుమరంగు తిరిగింది. చుట్టూ ఆడవాళ్ళు. లుబ్నా ఎవరి మొహమూ చూడకుండా ఎర్రడబ్బా మూత తీసింది. ఈ నీళ్ళలో పాషాణం ఉంది, తాగొద్దు, వండొద్దు, బట్టలకూ స్నానానికీ పర్వాలేదు అంది. ఆ పూటే ఊరి అవతలి కొసన హాజీగారి బోరింగుకు ఆకుపచ్చ పడింది. అది ఎర్ర ఇసుక దాకా దించినదట.

ఐమనాకు కోపం వచ్చింది. నా వాకిట్లో పాషాణం ఎవరు కలిపారో చెప్పి మరీ కదులు అని ఆ పిల్ల కొంగు పట్టుకుంది.

“ఎవరూ కలపలేదు ఖాలమ్మా,” అంది లుబ్నా. “కొండల నుంచి నది మోసుకొచ్చిన ఒండ్రులోనే ఉంది, వేల ఏళ్ళుగా. ఇసుక రేణువుకు తుప్పు పొర ఉంటుంది చూశారూ, దాన్ని అంటిపెట్టుకుని ఉంటుందది. అలా ఉన్నంతకాలం ఎవరికీ ఏ హానీ లేదు. కింద ఆకులూ అవీ కుళ్ళినచోట గాలి ఉండదు. గాలి లేకపోతే ఆ తుప్పు కరుగుతుంది. కరిగి, పట్టుకున్నదాన్ని నీళ్ళలోకి వదిలేస్తుంది. ఎర్ర ఇసుకలో తుప్పు ఇంకా గట్టిగానే ఉంది. అందుకే ఆ నీళ్ళు మంచివి.”

ఐమనాకు గుర్తొచ్చినవి ఆ కుళ్ళిన ఆకులు. ఆ రోజు గొట్టంలోంచి వచ్చినవాటిని చీపురుతో ఊడ్చి పారబోసింది తనే.

ఇక ఆ రోజు నుంచి వీధి వీధంతా ఆమె వాకిలి దాటి హాజీగారింటికి నడక. ముందు రెండు రోజులు సిగ్గుపడ్డారు, బిందె మీద కొంగు కప్పుకుని తల వంచుకుని పోయారు. మూడోరోజుకు అలవాటైపోయింది. బట్టలు ఉతుక్కోవడానికైనా రండర్రా అని ఐమనా పిలిస్తే, అబ్బో, చీరకు మచ్చలొస్తే కొత్తది ఎవరు కొనిపెడతారు అని జాలరివాళ్ళ కోడలు నవ్వుతూ పోయింది. నవ్వులాటకే అంది, పాపం. కానీ ఐమనా ఆ పూట అన్నం తినలేదు. భర్త పోయినప్పుడు గానీ, కూతురు పోయినప్పుడు గానీ ఆమె ఇంత ఒంటరిది కాలేదు. అప్పుడు వాకిట్లో మనుషులున్నారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళ గర్భాలూ గొడవలూ కూతుళ్ళ పెళ్ళిళ్ళూ అన్నీ ఆ గచ్చు మీదే తేలేవి. ఐమనా గుమ్మంలో కూర్చుని ఒక్క మాటా కల్పించుకోకుండా వినేది. ఆమె కాపురమంతా ఆ గచ్చే.

అన్నిటికంటే ఆమెను తినేసింది వేరే భయం. ఎవరూ తాగకపోతే బులు గొంతుకు నీళ్ళెలా చేరతాయి? మళ్ళీ గుడ్డ లాక్కున్నట్టే కదా. అందుకని తనే తాగడం మొదలుపెట్టింది. పూటకో నాలుగు గ్లాసులు, కడుపు ఉబ్బేదాకా. తాగి, తనే పైకి అనేది: బులు గొంతు చల్లబడాలి. ఖాళీ వాకిట్లో ఆ మాట ఆమెకే ఎబ్బెట్టుగా వినిపించేది. తన దానం తనే తాగితే దానమెలా అవుతుంది? మసీదు ఇమాముగారిని అడిగిస్తే, అల్లా చూసేది ఉద్దేశాన్నే, నీ ఉద్దేశం మంచిది, దిగులుపడకు అన్నారట. పెద్దమనిషి, మంచిమాటే చెప్పారు. కానీ ఉద్దేశాన్ని గ్లాసులో పోసి తాగించలేం కదా అనుకుంది ఐమనా.

సంత రోజు వచ్చింది. చైత్రం ఎండ. మిట్టమధ్యాహ్నం దారిన పురుగు కూడా లేని వేళ ఐమనా ఒక పెంకుముక్క తీసుకుని బోరింగు మూతి గీకడం మొదలుపెట్టింది. రంగు అంత తేలిగ్గా ఊడలేదు. గోళ్ళు విరిగాయి. ఎర్రపొడి గచ్చు మీద పడితే నీళ్ళు కొట్టి కడిగేసింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

పొద్దు వాలాక సంత నుంచి మనుషులు రావడం మొదలైంది. పొరుగూళ్ళ వాళ్ళకు ఈ ఊరి రంగుల సంగతి తెలియదు. సైకిళ్ళ మీద ఉల్లిపాయల బస్తాలు మోసుకుపోయేవాళ్ళు ఆగి తాగారు. తర్వాత చేటలూ బుట్టలూ అల్లి అమ్ముకునే నిబారణ్ అనే ముసలాయన కావడి దించి, దిదీ, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోందన్నాడు. ఐమనా తనే బోరింగు కొట్టింది. ఆయన రెండు గ్లాసులు తాగి, మొహం కడుక్కుని, సీసా నింపుకున్నాడు. ఈ పేరు ఎవరిదని గచ్చు చూసి అడిగాడు. ఐమనా చెప్పింది. “బులు గొంతు చల్లబడాలి,” అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత ఐమనాకు ఆకలి వేసింది. చద్దన్నంలో ఎండుమిరపకాయ నలుపుకుని తృప్తిగా తినబోతుంటే కోహినూర్ వచ్చింది. చేతిలో బిందె లేదు.

“రంగేమైంది ఖాలా?”

“వానకు పోయిందేమో.”

“చైత్రంలో వానెక్కడిది,” అంది కోహినూర్. కోపంగా అనలేదు. వచ్చి పక్కనే కూర్చుని, ఎప్పుడూ కొంగులో దాచుకునే రెండు చేతులూ బయటికి తీసి ఐమనా ఒళ్ళో పెట్టింది. అరచేతుల నిండా గట్టి బుడిపెలు, ఎర్రపప్పు బద్దలు చల్లి అతికించినట్టు. మెడ కింద నల్లమచ్చలు, వాటి మధ్య తెల్లచుక్కలు.

“రెండేళ్ళయింది. రోకలి పట్టి కాయలు కాచాయని ఇంట్లో చెప్పుకొస్తున్నా. కుష్ఠు అనుకుంటే పుట్టింటికి పంపేస్తారని భయం. మొన్న లుబ్నా ఆపా చూసి చెప్పింది, నీళ్ళ వల్లేనట. ఈ ఊరికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ నీ నీళ్ళే కదా తాగింది. తాగినప్పుడల్లా బులును తలుచుకున్నా ఖాలా. ఒక్కసారి కూడా మర్చిపోలేదు.”

ఐమనా ఆ చేతులు పట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, ఇది అంతకంటే లోతుగా దిగింది. తాగిన ప్రతి గ్లాసూ బులుకు చేరుతుందని కదా ఇన్నేళ్ళూ బతికింది. చేరింది నీళ్ళేనా? నీళ్ళు చేరితే, ఈ బుడిపెలు మాత్రం చేరకుండా ఎక్కడ ఆగుతాయి?  కోహినూర్ వెళ్తూ వెళ్తూ, ఇవాళ తాగిపోయిన మనుషులు ఏ ఊరివాళ్ళో ఏమో అని మాత్రం అంది.

మర్నాడు ఐమనా తొరాబ్ మేస్త్రి ఇంటికి వెళ్ళింది. ఆయన వసారాలో ఒక్కడే కూర్చుని, పనేమీ లేక తాడు పేనుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో సగం బోరింగులు ఆయన చేతివే, వాటిలో ఎన్నిటికో ఎర్రమూతి. దారిన పోయేవాళ్ళు ఇదివరకు ‘మేస్త్రీ’ అని కేకేసి పోయేవారు. ఇప్పుడు కేకలు లేవు.

ఐమనా కూర్చోకుండానే అడిగింది, ఆ రోజు ఎర్ర ఇసుక దాకా పోయి ఉంటే ఏమయ్యేదని.

“మంచి నీళ్ళు పడేవి,” అన్నాడు తొరాబ్.

“ఆపమంది నేనే.”

“నువ్వు అనకపోయినా ఆపేవాణ్ణేమో బులు వాళ్ళమ్మా. ఆ రోజు నా చెయ్యి పుండులా ఉంది. నీళ్ళు వస్తే చాలనుకునేవాళ్ళం అందరం. ఇసుక రంగులో ఇంత ఉందని ఎవడికి తెలుసు? ఈ అరచేతి కిందుగా వెళ్ళిన ఇసుకంతా నేను చూసిందే. చూశాను, అంతే.”

ఇప్పుడైనా దించమని ఆమె అడిగింది. ఆయన తన మోకాళ్ళు చూపించి నవ్వాడు. మంచె ఎక్కే వయసు దాటిపోయింది, వెదుళ్ళు చెదలు తినేశాయి.  ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నా ఎవరి ఇంట్లో వాళ్ళు ఉన్నట్టే ఉంది. చివరికి తొరాబ్ లేచి చూరులోంచి తుప్పుపట్టిన పానా తీసి ఇచ్చాడు.

“పిడికి బోల్టు ఒక్కటే. ఎడమకు తిప్పు. అది తీసేస్తే ఇక రంగు గీకాల్సిన పనీ ఉండదు.”

ఆయనకూ తెలిసిపోయిందన్నమాట. చిన్న ఊళ్ళో ఎర్రపొడి దాగుతుందా.

బోల్టు ఒక పట్టాన రాలేదు. వచ్చాక ఆ పిడి ఎంత బరువుందో ఐమనా మొదటిసారి చూసింది. ఊరందరి చేతులూ పడి పడి అద్దంలా నునుపుదేరింది. దాన్ని పాత చీరలో చుట్టి బులు పడుకునే మూల పెట్టింది. పిడి లేని బోరింగు వాకిట్లో మొండిగా నిలబడింది. ఆమె ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. వినేవాళ్ళు లేరు కాబట్టి ఆపుకోవాల్సిన పనీ లేకపోయింది.

మరుసటి ఉదయం చంకన బిందె పెట్టుకుని హాజీగారింటికి బయలుదేరింది. ఇన్ని రోజులూ అక్కడికి వెళ్ళకపోవడం పంతమే. వెళ్తే బులు నీళ్ళు చచ్చిపోయాయని తనే ఒప్పుకున్నట్టు. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలు ఆపేశారు. రాణీగారు మేడ దిగారర్రా అని జాలరివాళ్ళ కోడలే ముందు నోరు తెరిచింది. అన్నదే గానీ తన బిందె పక్కకు జరిపి ఐమనాకు చోటిచ్చింది. యాభై దాటిన ఒంటికి నిండుబిందెతో మైలు నడక సామాన్యం కాదు. మూడుచోట్ల దించుకుని, నాలుగోచోట కాస్త ఒలకబోసుకుని ఇల్లు చేరింది. రోజూ అంతే. ఆ బిందె నీళ్ళలో తను తాగింది కొంచెం. మిగతావి గచ్చు మీద పెట్టుకుని, గొలుసు గ్లాసు పక్కన పెట్టుకుని, దారి వైపు చూస్తూ కూర్చునేది. ఊరివాళ్ళ బిందెలు నిండే ఉండేవి. ఎవరూ ఆగలేదు. సాయంత్రం మిగిలిన నీళ్ళు పనసచెట్టు మొదట్లో పోసేది.

మళ్ళీ సంత వచ్చింది. ఉల్లిపాయల సైకిళ్ళు ఆ రోజు వేరే దారిన పోయాయి. పొద్దు వాలుతుండగా నిబారణ్ వచ్చి కావడి దించాడు. నీ నీళ్ళ కోసమే ఈ చుట్టుదారిన వచ్చాను దిదీ అన్నాడు. ఆపైన పిడి లేని బోరింగు చూసి, ఏమైందని అడిగాడు.

ఈ మాట ఎలా చెప్పాలో వారం రోజులుగా అనుకుంటూనే ఉంది ఐమనా. అనుకున్నవేవీ నోటికి రాలేదు.

“పోయిన వారం నీకిచ్చినవి మంచినీళ్ళు కావు. పాషాణం ఉందని ఎర్రరంగు వేసి పోయారు. నేనే గీకేశాను. తెలిసే ఇచ్చాను.”

ముసలాయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

“సీసాలోవి మా మనవరాలు తాగింది,” అన్నాడు.

ఒకటి రెండు సార్లు తాగితే ఏమీ కాదని, ఏళ్ళ తరబడి తాగితేనే ఒంట్లోకి దిగుతుందని లుబ్నా చెప్పిన సంగతి ఐమనా అన్నది, చాలా నెమ్మదిగా. ఆ తర్వాత తల దించుకుంది. నిబారణ్ కావడి ఎత్తుకున్నాడు. దారి మలుపు దాకా వెళ్ళాడు. చేటలు ఒకదానికొకటి తగిలి టపటపమంటున్న చప్పుడు దూరమై, ఆగి, మళ్ళీ దగ్గరైంది. ఎండలో మైళ్ళు నడిచిన మనిషి. కోపం ఉంటే ఉంటుంది, దాహం దాని దారిన అది ఉంటుంది.

కావడి దించకుండానే చెయ్యి చాచాడు. ఐమనా గ్లాసు నింపి ఇచ్చింది. ఆయన నీళ్ళను వెలుతురుకు పట్టి చూశాడు. చూడనివ్వాలి కదా, చూడనిచ్చింది.

“ఇవి ఎవరి పేరు మీద?” అని అడిగాడు.

ఐమనాకు అబద్ధం ఇక చాలనిపించింది.

“నీళ్ళు హాజీగారివి,” అంది. “మోసుకొచ్చింది మా బులు పేరు మీద.”

నిబారణ్ గుటకలు వేస్తూ తాగాడు. గ్లాసు దించి, అనాల్సిన మాట అన్నాడు. ఇంకో గ్లాసు అడగలేదు, సీసా తీయలేదు. వెళ్ళిపోయాడు. బిందెలో ఇంకా సగం పైనే నీళ్ళున్నాయి. ఐమనా గ్లాసు కడిగి బోర్లించి, మళ్ళీ దారి వైపు తిరిగి కూర్చుంది.